ఇరుసు వెనక బరువు

ఎ4 కాగితం ఒకటి 4.7 గ్రాములు తూగుతుంది, 75 జీఎస్ఎం రకమైతే. ఈ లెక్క నాకు బడిలో తెలియలేదు. 2013 వేసవిలో బేర్ సరాయ్‌లో, కబాడీవాలా తాసు ముందు గొంతుక్కూర్చున్నప్పుడు తెలిసింది.

బేర్ సరాయ్ దక్షిణ ఢిల్లీలో జేఎన్‌యూ పాత క్యాంపస్‌కు ఎదురుగా, ఐఐటీకి దగ్గర్లో ఉన్న చిన్న ఊరు. నగరం చుట్టూ పెరిగిపోయి మింగేసిన ఊళ్ళలో ఒకటి. బేర్ అంటే రేగుపండు, సరాయ్ అంటే సత్రం. రేగుచెట్టు నాకెక్కడా కనపడలేదు గానీ సత్రం మాత్రం ఇప్పటికీ సత్రమే. గదికి ఇద్దరు ముగ్గురు చొప్పున కుర్రాళ్ళు, కింద జిరాక్సు షాపులు, పాత పుస్తకాల దుకాణాలు, సివిల్స్ నోట్సు కట్టలు. మా రూమ్మేటు నాకంటే నాలుగేళ్ళు పెద్ద. ఆ మేడలో తెలుగువాళ్ళందరికీ అతను 'అన్న'. రెండు ఆప్షనల్సుకీ ఏళ్ళ తరబడి నోట్సు పోగేశాడు. ఆ ఏడాదే యూపీఎస్సీ మెయిన్స్‌లో రెండో ఆప్షనల్ ఎత్తేసింది. సగం నోట్సు చెత్త అయిపోయినట్టే. అయినా పారేయడానికి అన్నకు మనసొప్పలేదు. కబాడీవాలాకు చూపించి, తూకం వేయించి, వాడు చెప్పిన ధర విని మళ్ళీ పైకి మోయించాడు. మొత్తం 60 కిలోలు. పన్నెండు వేల పైచిలుకు కాగితాలన్నమాట.

అన్న ముఖర్జీ నగర్‌కు మకాం మారుస్తున్నాడు. అతని దగ్గర పాత మారుతి 800 ఉంది. పరుపులు, కూలర్, గ్యాస్ పొయ్యి, సూట్‌కేసులు లోపలికెక్కేసరికి ఈ 60 కిలోలకు చోటు లేదు. సరిగ్గా అప్పుడే డాలస్‌లో ఉన్న వాళ్ళ పెదనాన్న కొడుకు ఫేస్‌బుక్‌లో ఒక ఫొటో పెట్టాడు. పెద్ద ఎస్‌యూవీ, దాని వెనక బంపరు కింద నుంచి బయటికొచ్చిన ఇనప పళ్ళెం, దాని మీద ఐసుపెట్టె, కుర్చీలు, గుడారం సంచి.

"ఇదేరా మనక్కావాల్సింది," అన్నాడు అన్న. "ఇనప ముక్కలు నాలుగు, వెల్డింగ్ అరగంట."

"లెక్క చూద్దాం అన్నా."

"లెక్కేముంది? అరవై కిలోలు. నీకంటే తక్కువే కదా!"

ఆ ఒక్క మాటలోనే ఈ అధ్యాయం మొత్తం ఉంది. అరవై కిలోలు నాకంటే తక్కువే. నేను కారులో కూర్చుంటే కారుకు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. అదే బరువు కారు వెనక గాలిలో వేలాడితే సంగతి వేరు.

అమెరికాలో ట్రెయిలర్ లాగడం మామూలు. అందుకని అక్కడి పెద్ద బళ్ళకు వెనక బంపరు కింద చదరపు గొట్టం ఒకటి బిగించి ఉంటుంది. దీన్ని హిచ్ రిసీవర్ అంటారు. ఎక్కువగా కనపడే కొలత రెండంగుళాలు. అంతే కొలత ఉన్న చదరపు కమ్మీని అందులోకి దూర్చి, అడ్డంగా ఒక పిన్ను వేస్తే సరి. ట్రెయిలర్ గుండు తగిలించినా, సైకిళ్ళ స్టాండు తగిలించినా, సామాను పళ్ళెం తగిలించినా అదే రంధ్రం. ఆ పిన్ను బరువు మోస్తుందని చాలామంది అనుకుంటారు. అది కమ్మీ బయటికి జారిపోకుండా పట్టుకుంటుంది, అంతే. బరువు మోసేది గొట్టం పెదవులు. సామాను బరువుకు కమ్మీ గొట్టం మూతి దగ్గర కిందికి నొక్కుతుంది, లోపలి చివర పైకి తన్నుతుంది. పలుగుతో బండరాయి లేపేటప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. దీని అంకెలు కాసేపట్లో చూద్దాం.

మారుతికి ఆ గొట్టం లేదు. చెడిపోతే తాడు కట్టి లాగడానికి కింద ఒక కొక్కెం ఉంటుంది, అంతే. మేం కటవారియా సరాయ్ వైపు ఒక వెల్డింగ్ షాపుకెళ్ళాం. అక్కడి పెద్దాయనను కుర్రాళ్ళంతా 'ఉస్తాద్‌జీ' అంటారు, మేమూ అలాగే పిలిచాం. ఆయన కారు కిందికి దూరి, టార్చి వేసి చూసి, బయటికొచ్చి, సుద్దముక్కతో నేల మీద బొమ్మ గీశాడు. రెండంగుళాల బాక్సు పైపు ఒకటి మధ్యలోంచి వెనక్కి. దాని మీద యాంగిల్ ముక్కలతో పళ్ళెం. కారు కింద ఒక మందపాటి ప్లేటు, దానికి కాస్త పెద్ద కొలత గొట్టం ముక్క, నాలుగు బోల్టులు. డాలస్ ఫొటో ఆయనకు చూపించకముందే అదే బొమ్మ వేశాడు. పనిమంతులందరికీ ఇనుము ఒకే పాఠం చెబుతుందేమో.

"సోలహ్ గేజ్ చల్ జాయేగా బేటా," అన్నాడు. పదహారు గేజీ పైపు చాలునట.

గేజీ లెక్క తలకిందులు. అంకె పెరిగేకొద్దీ రేకు పలచన. పదహారు గేజీ అంటే గోడ మందం 1.6 మిల్లీమీటర్లు, పది గేజీ అంటే 3.2. రెండూ బయటికి ఒకేలా కనపడతాయి. చేత్తో ఎత్తితేనే తేడా తెలుస్తుంది. 50 మిల్లీమీటర్ల చదరపు పైపు మీటరు ముక్క మొదటి రకంలో 2.4 కిలోలు, రెండో రకంలో 4.7 కిలోలు.

ఇక్కడ 1638కి వెళ్ళాలి. చర్చి శిక్ష కింద ఫ్లోరెన్స్ పక్కన ఇంట్లో బందీగా ఉన్న గెలీలియో తన చివరి పుస్తకాన్ని హాలండులోని లైడెన్‌లో అచ్చు వేయించాడు. రెండు కొత్త శాస్త్రాల గురించిన సంభాషణలు అవి. అందులో ఒకటి చలనం, రెండోది పదార్థాల గట్టిదనం. ఆ రెండోదానికి ఒక బొమ్మ ఉంది. పాడుబడ్డ గోడ, దాని మీద మొలిచిన పిచ్చిమొక్కలు, గోడలోంచి అడ్డంగా పొడుచుకొచ్చిన దూలం, దూలం కొసన కొక్కేనికి వేలాడుతున్న పెద్ద రాయి. మన సామాను పళ్ళెం బొమ్మ అదే. గోడ బదులు కారు, రాయి బదులు యూపీఎస్సీ నోట్సు.

గెలీలియో పట్టుకున్న అసలు విషయం ఇది: దూలం విరిగేది కొసన కాదు, మొదట్లో. ఎందుకంటే దూలమంతా ఒక మీటకర్ర. కొసన వేలాడే బరువుకు పొడవాటి చేయి ఉంది. విరగకుండా పట్టుకునే కలపకు దూలం మందమంత పొట్టి చేయి మాత్రమే ఉంది. బరువును దూరంతో గుణించి వచ్చే ఈ మెలికను పాఠ్యపుస్తకాలు భ్రామకం అంటాయి. మా కేసులో 60 కిలోల నోట్సుకు పళ్ళెం బరువు 15 కలిపితే 75 కిలోలు. దాని నడిబొడ్డు గొట్టం మూతికి 0.6 మీటర్ల దూరంలో ఉంది. భ్రామకం 441 న్యూటన్-మీటర్లు.

ఈ మెలికకు పైపు పైముఖం సాగుతుంది, కింది ముఖం నొక్కుకుంటుంది. మధ్యలో ఉన్న ఇనుముకు దాదాపు పనే ఉండదు. అందుకే మధ్య ఇనుము తీసేసి బోలుగా ఉంచినా నష్టం తక్కువ. ఎముకలు, రెల్లుకాడలు బోలుగా ఎందుకున్నాయో గెలీలియో అదే పుస్తకంలో చెప్పాడు. మనకు వెదురుబొంగు చూస్తే చాలు. అంకెల్లో చెప్పాలంటే, 50 మిల్లీమీటర్ల పైపు గోడ 6 మిల్లీమీటర్లుంటే అందులో ఎంత ఇనుముందో, అంతే ఇనుమును కరిగించి ఘనమైన చదరపు కడ్డీ పోస్తే అది 32 మిల్లీమీటర్ల మందం వస్తుంది. వంపును ఆ కడ్డీ ఓర్చుకునే దానికి రెండున్నర రెట్ల వరకు పైపు ఓర్చుకుంటుంది. ఇనుము అంతే, ఖర్చూ దాదాపు అంతే.

అయితే గెలీలియో ఒక చోట పొరబడ్డాడు. దూలం తన కింది అంచు మీద తిరుగుతుందనీ, మిగతా మందమంతా సమానంగా సాగుతుందనీ అనుకున్నాడు. దాంతో ఆయన లెక్కలో దూలం బలం ఉన్నదానికి మూడు రెట్లు వచ్చింది. సగం సాగుతుందనీ, సగం నొక్కుకుంటుందనీ తేలి ఆ లెక్క కుదుటపడటానికి మారియోట్, పారెంట్, కూలుంబ్‌ల చేతులు మారి, 1826లో నేవియర్ పుస్తకం దాకా పట్టింది. దాదాపు 190 ఏళ్ళు! ఈ ఆలస్యం నాకు ఎప్పుడూ ముచ్చటగానే ఉంటుంది. ఆ మధ్యకాలంలో కట్టిన వంతెనలూ ఓడలూ లెక్క తప్పైనా నిలబడ్డాయి. కట్టినవాళ్ళు చేతి అనుభవంతో ఎక్కువ కలప వాడారు కాబట్టి.

ఉస్తాద్‌జీ చెప్పిన పదహారు గేజీ పైపుకు నేవియర్ లెక్క వేశాను. కారు నిలిచి ఉన్నప్పుడు పైపు పైముఖం మీద లాగుడు చదరపు మిల్లీమీటరుకు 91 న్యూటన్లు. మామూలు ఇనుము శాశ్వతంగా వంగిపోయేది 250 దగ్గర. నిలబెట్టి చూస్తే ఉస్తాద్‌జీ మాటే నిజం, భేషుగ్గా ఆగుతుంది. కానీ ఢిల్లీ రోడ్డు మీద స్పీడు బ్రేకర్లున్నాయి, గుంతలున్నాయి. గుంతలో పడి లేచేటప్పుడు బరువు మూడు రెట్లైనట్టు లెక్క కట్టుకోవడం ముందు జాగ్రత్త. 91 మూళ్ళు 273. పైపు వంగిపోయింది. పది గేజీకైతే నిలకడగా 50, గుంతలో 150. బతికాం.

లెక్క కాగితం ఉస్తాద్‌జీకి చూపించాను. ఆయన దాని వంక చూడనైనా చూడలేదు. "దస్ గేజ్ చాహియే తో దస్ గేజ్ లో, పైసా తుమ్హారా," అన్నాడు. పది గేజీ కావాలంటే అదే తీసుకో, డబ్బు నీదే అని. పైపు దుకాణంలో మాత్రం ఒక ముక్క చెప్పాడు, అది నా లెక్కలో లేనిది. తెల్లగా మెరిసే జింకు పూత పైపు తీసుకోబోతే చెయ్యి పట్టి ఆపాడు. దాన్ని కాలిస్తే వచ్చే పొగకు రాత్రికి చలిజ్వరం వస్తుందట. నిజమే. జింకు ఆక్సైడు పొగ పీల్చినవాళ్ళకు కొన్ని గంటల తర్వాత వణుకు, జ్వరం వస్తాయి, ఒకటి రెండు రోజుల్లో తగ్గుతాయి. వెల్డర్లందరికీ తెలిసిన జబ్బు ఇది. నల్ల పైపే కొన్నాం.

వెల్డింగ్ మొదలయ్యాక ఆయన పనితనం తెలిసింది. మధ్య పైపును గొట్టంలో దూర్చినప్పుడు ఒక మిల్లీమీటరు సందు మిగిలింది. గొట్టం ముక్క పొడవు 150 మిల్లీమీటర్లు. ఆ ఒక్క మిల్లీమీటరు పళ్ళెం కొస దగ్గరికొచ్చేసరికి ఆరు మిల్లీమీటర్ల ఊపైంది. చేత్తో కదిపితే టకటకమంది. ఇందాక వాయిదా వేసిన అంకెలు ఇవే: 441 న్యూటన్-మీటర్ల మెలికను 150 మిల్లీమీటర్ల గొట్టం ఆపాలంటే లోపలి కొస దగ్గర దాదాపు 300 కిలోల బరువుకు సమానమైన తన్ను పడుతుంది. ఆ తన్ను సందులో ఆడుతూ పడితే సుత్తి దెబ్బే. ఉస్తాద్‌జీ గొట్టం కింది ముఖానికి బొక్క వేసి, నట్టు ఒకటి అతికించి, బోల్టు కింది నుంచి బిగించాడు. బోల్టు కొస పైపును పైకి అదిమి పట్టింది. టకటక ఆగిపోయింది.

ఇంకొకటి కూడా చేశాడు. పైపు మొదట్లో బలం కోసం ప్లేటు ముక్కలు అతికించేటప్పుడు పైముఖం మీద అడ్డంగా వెల్డు పెట్టలేదు. రెండు పక్కల ముఖాల మీదే పొడుగ్గా పెట్టాడు. ఎందుకని అడిగితే, పైన పెడితే అక్కణ్ణుంచే పగులుతుంది అన్నాడు. ఈ మాట వెనక ఒక పెద్ద చరిత్రే ఉంది. 1842 మే 8న వెర్సాయ్ నుంచి పారిస్‌కు వస్తున్న రైలు ఇంజను ఇరుసు విరిగి, పెట్టెలు తగలబడి, యాభై మందికి పైగా చనిపోయారు. ఆ ఇరుసు మీద పడిన బరువు దాని శక్తికి మించింది కాదు. అంతకుముందు లక్షలసార్లు మోసిన బరువే. తర్వాతి దశాబ్దాల్లో ప్రష్యా రైల్వేలో పనిచేసిన ఆగస్ట్ వోలర్ ఇరుసులను యంత్రం మీద లక్షలసార్లు తిప్పి తిప్పి విరగ్గొట్టి చూశాడు. ఒక్కసారి లాగితే తెగని ఇనుము, అంతకంటే బాగా తక్కువ బలంతో పదేపదే లాగితే తెగుతుందని అంకెలతో చూపించాడు. దీన్ని లోహపు అలసట అంటారు. వెల్డు అంచు దగ్గర కంటికి కనపడని గీతలుంటాయి. పగులు అక్కడే పుడుతుంది. పైముఖం నిత్యం సాగుతూ ఉంటుంది కాబట్టి అక్కడ పుట్టిన పగులు నోరు తెరుస్తూ పోతుంది. ఉస్తాద్‌జీ వోలర్ పేరు విని ఉండడు. విరిగి తిరిగొచ్చిన ట్రాలీలు మాత్రం ఎన్నో చూసి ఉంటాడు.

ఇంతదాకా పళ్ళెం గురించే మాట్లాడుకున్నాం. పళ్ళెం విరగదని తేలింది. కారు సంగతి?

మా తాత ఎద్దుబండికి వేరుశనక్కాయ బస్తాలు ఎక్కించేటప్పుడు, సగం ఎక్కించాక కిందికి దిగి కాడి కింద చెయ్యి పెట్టి ఎత్తి చూసేవాడు. బస్తాలు ఇరుసుకు ముందు ఎక్కువైతే కాడి ఎడ్ల మెడ మీద కూర్చుని నలుపుతుంది. ఇరుసుకు వెనక ఎక్కువైతే బండి వెనక్కి తూగి కాడి పైకి లేస్తుంది, ఎడ్ల మెడ కింది తాడు గొంతుకు బిగుస్తుంది. కాడి ఆయన అరచేతికి కాస్త భారంగా ఆనాలి, అంతే. అలా ఆనేదాకా బస్తాలు ముందుకూ వెనక్కూ జరిపించేవాడు. ఆయనకు తూకం రాళ్ళతో పని లేదు.

మారుతి 800కు ముందు చక్రాల నుంచి వెనక చక్రాల దాకా దూరం 2.175 మీటర్లు. మా పళ్ళెం మీది బరువు నడిబొడ్డు వెనక ఇరుసుకు సుమారు 1.2 మీటర్ల వెనక. 75ను 1.2తో గుణించి 2.175తో భాగిస్తే 41. అంటే 75 కిలోలు వెనక పెడితే, ముందు చక్రాల మీద నుంచి 41 కిలోలు లేచిపోయాయి. అవి ఎటూ పోవు. వెనక ఇరుసు మీదికే వస్తాయి. వెనక చక్రాల మీద పడింది 75 కాదు, 116. అదే అరవై కిలోలు వెనక సీటులో కూర్చుంటే ఈ తమాషా ఏమీ జరగదు. సీటు ఇరుసుకు ముందుంది మరి.

మేం షాపు ముందే అట్టపెట్టెలు ఎక్కించి చూశాం. ముందూ వెనకా టైర్లకూ పైనున్న రేకుకూ మధ్య సందును అన్న వేళ్ళతో కొలిచాడు. వెనక రెండు వేళ్ళు కుంగింది, ముందు ఒక వేలు లేచింది. ఆ కారు ఖాళీ బరువు 650 కిలోల దరిదాపు, అందులో ముందు చక్రాల వాటా సగానికి కాస్త ఎక్కువ. అందులోంచి 41 పోవడం అంటే పదోవంతు పోవడం. పైగా మారుతిని నడిపేవి ముందు చక్రాలే, తిప్పేవీ అవే, బ్రేకు వేస్తే ఎక్కువ పని చేసేవీ అవే. లేచిన కాడి లాంటిదే ఇదీ. డాలస్ బండికి లెక్క కడితే తమాషాగా అక్కడా నలభై కిలోలే లేస్తాయి. చక్రాల మధ్య దూరం పెరిగింది గానీ వెనక భాగమూ పెరిగింది కదా. తేడా ఏమిటంటే, ఆ బండి ముందు ఇరుసు మీద వెయ్యి కిలోలకు పైగా ఉంటాయి. వెయ్యిలో నలభై పోతే డ్రైవరుకు తెలియను కూడా తెలియదు.

ఇంకో చిక్కు మలుపుల్లో. బరువు కారు నడిమికి ఎంత దూరంలో ఉంటే, కారును తిప్పడానికీ, తిరిగిన కారును ఆపడానికీ అంత కష్టం. ఇక్కడ దూరం వర్గంలో లెక్కకొస్తుంది. దూరం రెట్టింపైతే మొండితనం నాలుగింతలు. హఠాత్తుగా పక్కకు తప్పిస్తే తోక తన దారిన తాను పోతుంది.

ఢిల్లీ పాలవాళ్ళ మోటార్‌సైకిళ్ళు చూసినప్పుడల్లా నాకు ముచ్చటేస్తుంది. వెనక చక్రానికి రెండు పక్కలా ఇనప చట్రం, చట్రానికి కొక్కేలు, కొక్కేలకు డ్రమ్ములు. మన ఊళ్ళలో టీవీఎస్ మోపెడ్ల మీద గ్యాస్ బండలు వేసుకెళ్ళేవాళ్ళదీ అదే పద్ధతి. లోపలి గ్యాసు 14.2 కిలోలైతే, ఇనుముతో కలిపి ఒక్కో బండ 30 కిలోల వరకు తూగుతుంది. వాళ్ళెవరూ వెనక్కి పళ్ళెం చాచరు. బరువును ఇరుసు పక్కకు, నేలకు దగ్గరగా దించుతారు. చూడ్డానికి భయంగా ఉంటుంది గానీ భ్రామకం లెక్కలో వాళ్ళు మాకంటే తెలివైనవాళ్ళు.

చట్టం సంగతి కూడా ఒక ముక్క. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ అంటుంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఆ మాటను గట్టిగా చెప్పింది. బండి వెనక భాగం దాటి సరుకు పొడుచుకు రావడానికి అంతకుముందున్న వెసులుబాటును కేంద్రం 2014లోనే తీసేసింది. చువ్వల లారీల వెనక నుంచి గుద్దుకుని చనిపోయినవాళ్ళ లెక్క దీని వెనక ఉంది. మా పళ్ళెం నంబరు ప్లేటునూ ఒక లైటునూ కప్పేసింది కూడా. అన్నకు భౌతికశాస్త్రం చెప్పి ఒప్పించలేకపోయాను. ట్రాఫిక్ పోలీసు మాట ఎత్తగానే ఒప్పుకున్నాడు.

నోట్సు చివరికి ఛోటా హాథీ అనే బుల్లి ట్రక్కులో వెళ్ళాయి. పెట్టెలను డ్రైవరు క్యాబిన్‌కు ఆనించి, ఇరుసుకు ముందే సర్దాడు. ఎవరూ చెప్పనక్కర్లేకుండానే. పళ్ళెం నా గదిలో మిగిలిపోయింది. పది గేజీ పైపు, ఉస్తాద్‌జీ వెల్డు, కబాడీకి వేయబుద్ధి కాలేదు. దాని ప్లేటును మంచం పైన గోడకు నాలుగు బోల్టులతో బిగించి పుస్తకాల అర చేసుకున్నాను. గెలీలియో బొమ్మ అచ్చంగా నా గోడ మీద, పిచ్చిమొక్కలు తప్ప.

మూడు వారాలకు ఒక రాత్రి పై రెండు బోల్టులూ పెళ్ళతో సహా ఊడొచ్చాయి. అర తల వంచి, కింది బోల్టుల మీద వేలాడింది. పుస్తకాలు నా కాళ్ళ మీద పడ్డాయి. లేచి లైటు వేసి లెక్క కట్టాను. పళ్ళెంతో కలిపి 40 కిలోలు, గోడకు 0.4 మీటర్ల దూరంలో. పై బోల్టులు ప్లేటు కింది అంచుకు 120 మిల్లీమీటర్ల పైన. వాటి మీద పడిన లాగుడు 130 కిలోలు. పాత ఇటుక గోడ ఎంతకని పట్టుకుంటుంది? దూలం విషయంలో తప్పిన గెలీలియో ఊహ, అంటే కింది అంచు మీద తిరగడం, పైనదంతా లాగుడే కావడం, గోడకు బిగించిన ప్లేటు విషయంలో సరిగ్గా సరిపోయింది. మర్నాడు ఇంటి ఓనరు వచ్చి గోడకు పడ్డ బొక్కలు చూసి, అడ్వాన్సులో ఎంత కోయాలో ఆయన లెక్క ఆయన వేసుకున్నాడు.